చలపతిరావు గారి ఒకటో నంబరు

చలపతిరావు గారిని చెడ్డవాడని ఎవరూ అనరు. నేనూ అనను. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

నలభై ఎనిమిదేళ్ల మనిషి. గుడివాడ వైపు నుంచి వచ్చారు. విజయవాడలో పదేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పారు. ఫలితాలు వచ్చిన రోజున కాలేజీ గేటు మీద ర్యాంకుల బోర్డు రాయించడం కూడా ఆయన పనే. ముప్పై దాటాక అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసి ఇటు తిరిగారు. కాపురం హఫీజ్‌పేట్‌లో. పొద్దున్నే లోకల్ రైలెక్కితే తరవాతి స్టేషనే హైటెక్ సిటీ. తొమ్మిదింటికల్లా సీట్లో ఉంటారు. ఎవరేం అడిగినా విసుక్కోరు. నాకు ఈ పని వచ్చిందంటే ఆయన చలవే.

ఆస్పత్రుల నుంచి వచ్చే స్కానింగ్ బొమ్మల్ని క్లౌడ్‌లోని కంప్యూటర్ల చేత శుభ్రం చేయించి, తిరిగి డాక్టర్లకు పంపడం మా కంపెనీ పని. వచ్చిన ప్రతి బొమ్మా ఒక వరసలో నిలబడుతుంది. తిరుమలలో దర్శనానికి వేరు వేరు క్యూలు ఉన్నట్టే అనుకోండి. మెషీన్ ఖాళీ అయినప్పుడు ఏ వరసను ముందు పిలవాలో ఒక సంఖ్య చెబుతుంది. మావి మూడు వరసలు: అత్యవసరం, మామూలు, పాత రికార్డులు. రెండేళ్ల కిందట వాటిని ఏర్పాటు చేసింది చలపతిరావు గారు. అత్యవసరానికి ఒకటి, మామూలుకు రెండు, పాతవాటికి మూడు ఇచ్చారు.

ఆ సిస్టమ్‌లో పెద్ద సంఖ్యదే ముందు వంతు. ర్యాంకుల బోర్డు కింద పదేళ్లు నిలబడ్డ మనిషికి, ఒకటి కంటే ముందు ఇంకేదో ఉంటుందని తట్టలేదు. చూసి సరేనన్న వాళ్లకూ తట్టలేదు. మేమందరం ఆ బోర్డుల్లో పేరు వెతుక్కుంటూ పెరిగినవాళ్లమే కదా.

రెండేళ్లు ఏమీ కాలేదు. మెషీన్లు కావలసినన్ని ఉన్నాయి కాబట్టి ఎవరు ముందో తేల్చాల్సిన అవసరమే రాలేదు.

ఈ మార్చిలో ఖర్చు తగ్గించమని పైనుంచి ఆర్డర్ వచ్చింది. మెషీన్ల సంఖ్యను సగానికి దించమని మా మేనేజర్ సందీప్, లావణ్యకు చెప్పాడు. లావణ్యది ప్రొద్దుటూరు. కాంట్రాక్టు మీద చేరి ఎనిమిది నెలలైంది, మదీనాగూడలో హాస్టల్లో ఉండేది. నెలాఖరుకు పర్మనెంట్ చేస్తామని మాటిచ్చారు. చెప్పినట్టే శుక్రవారం మార్చింది. సోమవారం పొద్దున పాత రికార్డులు వేలకు వేలు వచ్చి పడి, ఉన్న మెషీన్లన్నీ పట్టేశాయి. అత్యవసరం బొమ్మలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ఆస్పత్రుల వాళ్లు ఫోన్లు చేసి తలవాచేలా చీవాట్లు పెట్టారు.

"ఫ్రైడే దాకా మంచిగనే నడిచింది కదా. ఫ్రైడే మార్చింది ఎవరు?" అన్నాడు సందీప్, మధ్యాహ్నం మీటింగ్‌లో.

"మీరు చెప్పినట్లే చేసినాను సార్," అంది లావణ్య.

"నేను మెషీన్ల నంబర్ చెప్పిన. ఏమైతదో చూసుకోవాల్సింది నువ్వు."

చలపతిరావు గారూ ఆ మీటింగ్‌లోనే ఉన్నారు. అప్పటికి ఆయనకు అసలు కారణం తెలీదు. అది మాత్రం నిజం.

గంట తరవాత ఆయన నా సీటు దగ్గరికి వచ్చారు. "వసంత గారూ, చిన్న సవరణండి. ఒకసారి చూసి అప్రూవ్ చేసేయండి."

మా దగ్గర ఎవరేం మార్చినా ఇంకొకరు చూసి సరేననాలి. తెరిచాను. అత్యవసరానికి ఒకటి తీసేసి మూడు పెట్టారు. పాత రికార్డులకు మూడు తీసేసి ఒకటి. అరనిమిషంలో నాకంతా అర్థమైంది.

"సార్, అయితే లావణ్యది కాదు గదా తప్పు?"

ఆయన గొంతు తగ్గించారు. "పోయిన నెల విశ్వేశ్వరరావు గారిని ఎలా పంపించారో చూశారుగా. ఈ వయసులో నన్నెవరు తీసుకుంటారండి? ఆ అమ్మాయి చిన్నది. ఎక్కడైనా దొరుకుతుంది."

అందులో సగం నిజముంది. ఆ సగాన్నే నేను గట్టిగా పట్టుకున్నాను. మిగతాది భయం. విశ్వేశ్వరరావు గారి సీటు నా పక్కదే. ఇప్పుడక్కడ ఖాళీ కుర్చీ తప్ప ఏమీ లేదు. అప్రూవ్ నొక్కేశాను.

అత్యవసరం వరస కాసేపట్లో ఖాళీ అయింది. సందీప్ లోపల ఏం మారిందో తెరిచి కూడా చూడకుండా, చలపతిరావు గారు గండం గట్టెక్కించారని గ్రూపులో మెచ్చుకున్నాడు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. సిగ్గులేకుండా నేనూ పెట్టాను.

లావణ్య కాంట్రాక్టు పొడిగించలేదు. ఆఖరి రోజు లాప్‌టాప్ అప్పజెప్పేసి మా దగ్గరికి వచ్చింది.

"సార్, బుధవారం ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది. ఇక్కడ ఎందుకు మానేసినావని అడుగుతారు. నేను యాడ తప్పు చేసినానో నాకింకా అర్థం కాలేదు. మీరైతే బాగా చెప్తారని వచ్చినాను."

ఇప్పుడు చెప్పేస్తారనుకున్నాను. ఒట్టు, అలాగే అనుకున్నాను. చలపతిరావు గారు ఒక తెల్లకాగితం తీసుకుని, మూడు గీతలు గీసి, వాటికి పేర్లు రాశారు. సంఖ్యలు మాత్రం రాయలేదు.

"మెషీన్లు తగ్గించే ముందు ఏ వరసలో ఎంత పని ఉంటుందో లెక్క చూసుకోవాలమ్మా. నువ్వు చూసుకోలేదు. అక్కడ వచ్చింది తేడా," అన్నారు. నిదానంగా, ఎంతో ఓపికగా చెప్పారు.

ఆమె నా వైపు తిరిగింది. "అంతేనా అక్కా?"

"అంతే," అన్నాను.

లావణ్య ఆ కాగితం అడిగి తీసుకుంది. నాలుగు మడతలు పెట్టి బ్యాగులో దాచుకుంటూ, "ఇంగెప్పుడూ ఈ తప్పు చేయను సార్," అంది.