చెవికందని చెయ్యి

ఆ కాలంలో మా మగ్గాల వాడలో పిల్లలు రెండుసార్లు పుట్టేవాళ్లు. ఒకసారి ఇంట్లో, ఇంకోసారి బళ్లో. ఇంట్లో పుట్టిన రోజును ఎవరూ రాసిపెట్టేవారు కాదు. "మనింట్ల మొదటి సాంచె పెట్టిన యేడు, వానలు మొదలైనంక" అని కన్న అవ్వలు గుర్తు పెట్టుకునేవాళ్లు (సాంచె అంటే కరెంటు మగ్గం, దాని మోతలోనే పుట్టి, దాని మోతలోనే నిద్రపోయిన వాణ్ని నేను). బళ్లో పుట్టిన రోజును మాత్రం పెద్ద పంతులు రిజిస్టర్లో గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. మనిషి ఎక్కడికి పోయినా ఆ రెండో పుట్టుకే వెంట వచ్చేది. నా రెండు పుట్టుకల మధ్య రెండేళ్ల ఎడం ఉంది. ఆ ఎడంలో పడే నేను అమెరికా సైన్యంతో తలపడ్డాను.

తలపడ్డానని మా కరీంనగర్‌లో చాయ్ భాయ్ బండి దగ్గర ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. వాడలో నా పేరు మిలిట్రీ. ఆ పేరు ఎవరో పెట్టింది కాదు, నేనే పెట్టించుకున్నది. కథ ఇలా సాగుతుంది: అమెరికా నన్ను యుద్ధానికి పిలిచింది. నేను ఒక జనరల్ ముందు ఛాతీ విరుచుకుని నిలబడి, "నేను బట్ట నేసే ఇంట్ల పుట్టినోణ్ని, మనిషి పాణం తీయ" అన్నాను. జనరల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. (మొదటి పదేళ్లు నీళ్లు మాత్రమే. తర్వాత ఆయన సెల్యూట్ కూడా చేయడం మొదలుపెట్టాడు.) కథ సరిగ్గా సెల్యూట్ దగ్గరికి వచ్చేసరికి, బండికి ఎదురుగా ఉన్న మా ఇంటి కిటికీలోంచి మా ఆమె గొంతు వినిపించేది. "పోస్టాఫీసు దాక పోలే గని, లడాయి దాక పోయిండట!" బండి దగ్గర అందరూ నవ్వేవారు. చాయ్ భాయ్ ఇంకో చాయ్ పోసేవాడు. పోయిన ఏడు మా ఆమె కాలం చేసింది. ఇప్పుడు నేను ఎంత పెద్ద కథ చెప్పినా అడ్డుపడే గొంతు లేదు. జనరల్ సెల్యూట్ చేసి అలాగే నిలబడి ఉంటున్నాడు. అందుకని అసలు జరిగిందేమిటో ఈసారి నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

మా బళ్లో చేర్చుకోవాలంటే పిల్లవాడి కుడిచెయ్యి తలమీదుగా పోయి ఎడమ చెవిని అందుకోవాలి. అందితే ఆరేళ్లు నిండినట్టు, అందకపోతే వచ్చే ఏడు రమ్మన్నట్టు. నాకు పుట్టుకతోనే చేతులు పొట్టి. ఆరో ఏట బాపు తీసుకుపోతే నా వేళ్లు నడినెత్తి దాటి ఆగిపోయాయి. "ఇంక పిందెనే" అన్నాడు పెద్ద పంతులు. ఏడో ఏట కూడా అంతే. అవ్వ కొండగట్టు అంజన్నకు మొక్కింది. ఒక ఏడాది పాటు రోజూ పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని, సాంచె మీద నూలు లాగినట్టు లాగింది. చివరికి ఒక ఉపాయం నేర్పింది. "కొడుకా, సారు సూడకుంట మెడ జర ఇటు వంచు. చెయ్యి పోకుంటే చెవే ఎదురొస్తది." ఎనిమిదో ఏట చెవి ఎదురు వచ్చింది. పెద్ద పంతులు చూశాడో, చూసీ ఊరుకున్నాడో గాని, "ఆరేండ్లు" అని గట్టిగా చదువుతూ రాశాడు. బాపు భయపడుతూనే, "సారూ, ఎనిమిది నడుస్తున్నయి పోరనికి" అన్నాడు. "చెయ్యి గియ్యాల అందె. ఆరు గియ్యాల నిండినయి" అన్నాడు పంతులు. ఆ రోజు బళ్లో చేరిన మేమందరం ఒక్క తారీఖునే పుట్టాం.

తర్వాత చాలా ఏళ్లకు, అమెరికాలో స్థిరపడిన మా అక్క తోబుట్టువుల వరుసలో నా కోసం పెట్టిన అర్జీ ఫలించి, గ్రీన్ కార్డు మీద నేను అక్కడికి చేరాను. పంతులు లెక్కలో నాకు ఇరవై నాలుగు దాటాయి. అవ్వ లెక్కలో ఇరవై ఆరు. చేరిన నెలలోపే అక్క వంటింట్లోంచి కేకేసింది.

"తమ్మీ, పోస్టాఫీసుల ఒక ఫారం ఉంటదట. మిలిట్రీకి పేరు రాసుకునుడట. పోయి నింపి రా."

నేను చాయ్ కప్పు పట్టుకునే వంటింట్లోకి పోయాను. "మిలిట్రీ ఏందక్కా? నేను సూపర్ బజార్ల సామాన్లు సదురుతున్న గదా?"

"గదేం లేదురా" అని బావ విడమరిచి చెప్పాడు. ఆ దేశంలో ఎవరినీ బలవంతంగా సైన్యంలోకి లాక్కుపోయే రోజులు అప్పటికే పోయాయి. కాని మళ్లీ ఎప్పుడైనా అవసరం పడితే పిలవడానికి, పద్దెనిమిది నిండి ఇరవై ఆరు నిండని మగవాళ్లంతా పేరు రాయించుకోవాలి. అక్కడ ఉండిపోవడానికి వచ్చిన పరదేశీయులకూ అదే చట్టం. పేరు రాసినంత మాత్రాన తుపాకీ చేతికివ్వరు. నేను విన్నది మాత్రం ఒక్క ముక్కే. "ఇరవై ఆరు దాటితే అక్కర లేదా, బావా?" "లేదు." "ఇగ నాకు దాటినయి. అవ్వను అడుగుండ్రి."

అక్క నా వైపు అదోలా చూసింది. "కార్డు మీద గట్ల లేదు గదరా."

"కార్డు పంతులుది. పెయ్యి నాది" అన్నాను, నా ఒంటిని తట్టుకుంటూ. ఆ మాటకు బావ నవ్వాడు. నేను గెలిచాననుకున్నాను. పోస్టాఫీసు అక్కింటి నుంచి నడిచిపోయేంత దూరం. ఫారం అరచెయ్యంత. పేరు, ఊరు, పుట్టిన తారీఖు, సంతకం. ఎక్కువ అనుకుంటే నాలుగు నిమిషాల పని. (అవ్వ లెక్కను నేను నిజంగా నమ్మానా అని అడిగితే, ఇప్పుడు దాచడానికేం లేదు. నమ్మలేదు. భయపడ్డాను. వీసాకు పంతులు లెక్క వాడుకున్నాను, సైన్యానికి అవ్వ లెక్క. ఎక్కడ ఏది పనికొస్తే అక్కడ ఆ పుట్టుక పుట్టాను.)

ఏడాది తర్వాత కరీంనగర్ వచ్చి మేనమామ బిడ్డను చేసుకుని, నెల తిరగకుండానే ఒక్కణ్నే వెనక్కి పోయాను. గ్రీన్ కార్డు వాడి భార్యకు వీసా వరుస పెద్దది, ఎప్పటికి వస్తుందో చెప్పేవాళ్లు లేరు. అదే పౌరసత్వం వస్తే ఆమె కొన్ని నెలల్లో వచ్చేస్తుంది. పౌరసత్వానికి నేను అక్కడ దిగిన నాటి నుంచి ఐదేళ్లు ఆగాలి. కాబట్టి మా కాపురమంతా ఆ ఐదేళ్ల చివరన కూర్చుని ఉంది. ఈలోగా పాప పుట్టింది. ఆదివారం ఆదివారం మా ఆమె పాపను ఎత్తుకుని ఎస్టీడీ బూత్‌కు వచ్చేది. బూత్ బయట వరుసలో ఉన్నవాళ్లంతా మా కాపురాన్ని వినేవారు. "ఎన్ని దినాలు, బావా?" అని ఒక్కటే అడిగేది. నేను లెక్కపెట్టి చెప్పేవాణ్ని. ఆ నడుమ నేను అక్కడి పోస్టాఫీసులోనే ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగానికి అర్జీ పెడితే, ఆ ఫారం నింపనివాడికి సర్కారు కొలువు లేదని వాపసు పంపారు. అప్పుడైనా నాకు ఒళ్లు జలదరించాల్సింది. నేను మాత్రం, ఉత్తరాల పనికి నా పొట్టి చేతులు చాలవనుకున్నారేమో అని అక్క ముందు జోకు వేశాను.

ఐదేళ్లు నిండాయి. ఇంటర్వ్యూకు పిలిచారు. (జనరల్ ముందు నిలబడ్డానని చెప్పేది ఇక్కడే. ఆయన జనరల్ కాదు, కళ్లద్దాలు పెట్టుకున్న ఒక పెద్దావిడ. నేను నిలబడనూ లేదు, కుర్చీ ఇచ్చింది.) ప్రశ్నలన్నీ అయ్యాక, మిలిట్రీకి పేరెందుకు రాసుకోలేదని అడిగింది. అలాంటి నియమం ఉందని నిజంగా తెలియనివాళ్లను వదిలేస్తారట. నాకు తెలుసు. అబద్ధం ఆడనని చెయ్యెత్తి ప్రమాణం కూడా చేసి ఉన్నాను. కనీసం తప్పయిందని తల వంచుకుని ఊరుకోవాల్సింది. నాకు నోరెప్పుడు ఊరుకుంది? పెద్ద పంతులునూ, అంజన్న మొక్కునూ, అవ్వ లెక్కనూ అన్నీ చెప్పాను. ఆమె నమ్మడం లేదనిపించి, కుర్చీలో కూర్చునే కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకుని చూపించాను.

ఆమె నవ్వింది. నిజంగానే నవ్వింది. తర్వాత కళ్లద్దాలు తీసి, చాలా మెల్లగా అడిగింది: "మీ అమ్మ చెప్పిన వయసు నిజమైతే, మీరు ఈ దేశానికి ఇచ్చిన కాగితాలన్నీ తప్పు. కాగితాలు నిజమైతే, తెలిసి కూడా మీరు పేరు రాయించుకోలేదు. ఏది నిజం?"

చెవి ఇంకా నా చేతిలోనే ఉంది. కాగితం తప్పంటే మొత్తానికే వెళ్లగొడతారు. "కాయితమే నిజం" అన్నాను. అవ్వ కన్న రోజును అలా నా నోటితోనే కొట్టేశాను. ఆమె ఏదో రాసుకుని, ఈ కాగితం ప్రకారం ముప్పై ఒకటి నిండాక మళ్లీ అర్జీ పెట్టుకోమంది. అవ్వ లెక్కలో నాకు ముప్పై ఒకటి అప్పటికే నిండి ఉంది.

ఆ ఆదివారం బూత్‌లో మా ఆమె ఎప్పటిలాగే అడిగింది. "ఎన్ని దినాలు, బావా?"

"ఇంక రెండేండ్లు."

"ఎవరి లెక్కల రెండేండ్లు?" అంది. "అవ్వ లెక్కలనా, పంతులు లెక్కలనా?"

అవ్వ ఊరుకోలేదు. ఎలాగైనా తారీఖు మార్పించాలని, అప్పటికి రిటైరై అరుగు మీద పేపరు చదువుకుంటున్న పెద్ద పంతులు దగ్గరికి పోయిందట. "నా కొడుకును రెండేండ్లు ముందుగాల్నే కన్న సారూ. జర గది దిద్దు." పంతులు పేపరు దించకుండానే, "కన్నవు, నేను కాదంటలేను. రాసింది నేను గదా. నేను రాసిన దినమే పుట్టిండు" అన్నాడట. ఇది అవ్వ ఉత్తరంలో రాయించింది. అక్కా నేనూ కడుపుబ్బ నవ్వాం. ఉత్తరం చివర ఇంకో మాట కూడా రాయించింది. నవ్వు మధ్యలో దాన్ని రెండోసారి చదివితే గాని ఎక్కలేదు. "అమెరికోడు ఇడిసిపెట్టిండట అని వాడల అనుకుంటున్నరు. కోడలుపిల్ల ఏమంటలేదు. పొద్దుగూకులు బీడీలు చుడుతుంది. ఎందుకే అంటే, చేతులకు పనుంటే చెవులకు ఇనవడదు అంటుంది."

ముప్పై ఒకటి నిండిన తర్వాత, కొత్త అర్జీ ఫారం పెట్టెలో పెట్టుకుని, నెల సెలవు మీద కరీంనగర్ వచ్చాను. వచ్చిన రోజే పాపను బళ్లో వేసేది ఉంది. అదే బడి. పెద్ద పంతులు కుర్చీలో ఇప్పుడు ఒక మేడం ఉంది. "చెయ్యి పెట్టు బిడ్డా" అంది. పాప చెయ్యి తలమీదుగా పోయి, చెవి దాటి, చెంప దాకా వచ్చింది. (వాళ్లమ్మ చేతులు.) నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఒక చెయ్యి అంత పొడుగు పెరగడానికి ఎన్నాళ్లు పడుతుందో నాకంటే బాగా తెలిసినవాడు ఎవడూ లేడు. ఆ పెరిగినన్నాళ్లూ నేను లేను. మేడం కలం తీయగానే మా ఆమె కొంగు ముడి విప్పి, పాప పుట్టిన తారీఖున్న దవాఖాన చీటీని నాలుగు మడతలూ విప్పి బల్ల మీద పరిచింది. "రాస్తే గిదే రాయిండ్రి, మేడం. ఒక్క దినం గూడ ఇటు అటు కావద్దు."

ఇంటికి వచ్చాక పెట్టెలోంచి ఫారం తీసి చూపించాను. "ఇగ నింపుడే. ఏడాదిల నువ్వు, పాప అక్కడుంటరు."

ఆమె ఫారం కేసి చూడలేదు. "ఈ గడపల కూసుండి నేను ఆరేండ్లు వాడోళ్లకు జవాబు చెప్పిన, బావా. గవి ఏ పంతులు దిద్దుతడు? మల్ల ఏడాది నాతోని కాదు. పోతే పో. ఉంటే ఉండు."

ఉండిపోయాను. నా జీవితంలో నింపకుండా వదిలేసిన రెండో ఫారం అది. అమెరికాను కాదని వచ్చేశానని బండి దగ్గర చెప్పుకున్నాను గాని, అమెరికా నన్ను పిలవనూ లేదు, నేను దాన్ని కాదననూ లేదు. ఆమె ఉంటే ఉండమంది, అంతే. ఆరేళ్ల బాకీని ఆమె ఎప్పుడూ ఎత్తిపొడవలేదు. కిటికీలోంచి ఆ ఒక్క ముక్క మాత్రం ముప్పై ఏళ్లు అంటూనే ఉంది. చివరి నెలల్లో గొంతు లేవకపోతే, కిటికీ ఊచ మీద గిన్నెతో కొట్టేది. బండి దగ్గర అందరికీ అర్థమయ్యేది.

మొన్న భుజం పట్టేస్తే దవాఖానకు పోయాను. కసరత్తు చేయించే పిల్ల, "తాతా, కుడిచెయ్యి తలమీదికెళ్లి తెచ్చి ఎడమ చెవి ముట్టు" అంది. వేళ్లు నడినెత్తి దాటి ఆగిపోయాయి. నాకే తెలియకుండా మెడ వంగింది.

"మెడ వంచద్దు తాతా, గది దొంగాట" అంది ఆ పిల్ల నవ్వుతూ. తర్వాత చీటీ మీద రాసుకోవడానికి వయసెంతని అడిగింది. ఎవరి లెక్కలో చెప్పాలో తోచలేదు. ఈ వాడలో రెండు లెక్కలూ తెలిసిన చివరి మనిషి పోయిందని అప్పుడు గుర్తుకొచ్చింది.

వాపసు వస్తుంటే చాయ్ భాయ్ బండి దగ్గర ఆపాడు. "క్యా మిలిట్రీ, చెయ్యికేమైంది?" చుట్టూ నలుగురు కొత్త కుర్రాళ్లు ఉన్నారు. అలవాటు ఎక్కడికి పోతుంది? "పాత లడాయిల దెబ్బ భాయ్" అని మొదలుపెట్టాను. జనరల్ వచ్చాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి, సెల్యూట్ దాకా వచ్చాను. వచ్చి ఆగాను. కిటికీ వేసి ఉంది. భాయ్ చేతిలో చాయ్ గంటె గాలిలోనే ఉంది, ఆయన కూడా అటే చూస్తున్నాడు. కుర్రాళ్లు "తర్వాత తాతా?" అన్నారు.

"తర్వాత ఏం లేదు" అన్నాను. "పోస్టాఫీసు దాక గూడ పోలే."