అర్ధగంట కూర్చోబెట్టిన సారు

మా కాంపౌండరు సారు పోయిన శుక్రవారం వెళ్ళిపోయారు. పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసి, "అక్కా, నాయన పోయినాడు. కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నోడు కూర్చున్నట్టే..." అంది. అప్పటికి నేను ఒక కుక్కపిల్లకు సూది వేయడానికి మందు తీస్తున్నాను. దాన్ని పట్టుకున్న పెద్దాయనకు ఏమీ చెప్పలేదు. సూది వేసి, ఆయన్ని బెంచీ మీద అర్ధగంట కూర్చోబెట్టి, ఆ తర్వాతే పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. నాకు సారు నేర్పింది ఆ వరసే.

బేతంచెర్ల దారిలో ఉన్న చిన్న పశువుల ఆసుపత్రి మాది. సారు అందులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. అయినా రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవారు. డిప్లొమా చేసి నేను అక్కడ చేరేనాటికి బర్రెలు, గొర్రెలంటే నాకు బెరుకు లేదు. మా ఇంట్లోనే జీవాలుండేవి. కుక్కలన్నా, పిల్లులన్నా మాత్రం గుండె దడ. సారు అది మొదటి రోజే కనిపెట్టారు.

"బర్రెకు మందు రవ్వంత అటూ ఇటూ అయినా తట్టుకుంటాది. మూడు కేజీల పిల్లి తట్టుకోదమ్మా. పిల్లి అంటే చిన్న కుక్క గూడా కాదు. దాని లెక్క దానిదే" అన్నారు.

అందుకే తూకం లేకుండా మందు తీయనిచ్చేవారు కాదు. పిల్లిని ఎత్తుకున్న మనిషిని కాటా ఎక్కించి, తర్వాత ఆ మనిషిని ఒక్కడినే ఎక్కించి, తేడా తీసేవారు. "చూస్తేనే తెలుస్తాంది గదా సారూ" అని ఒకసారి అన్నాను. "కంటితో తూకం ఏసేవాడు కందిబ్యాళ్ళ అంగట్లో గూడా మోసపోతాడు" అన్నారు, నవ్వకుండా.

ఫ్రిజ్జులోంచి తీసిన మందును కాసేపు పిడికిట్లో పట్టుకునేవారు, చల్లగా లోపలికి పోతే నొప్పెక్కువని. తొడ వెనక వైపు నరం ఉంటుందని, దానికి సూది తగిలితే కాలు పడిపోతుందని, నా వేళ్ళు పట్టుకుని ఒక కుక్క తొడ ముందు కండ ఎక్కడుందో తడిమి చూపించారు. నిన్న కుడికాలికి వేస్తే ఇయ్యాల ఎడమకాలికి. సూది దిగాక పిస్టన్‌ను కొంచెం వెనక్కి లాగి చూడాలి. రక్తం కనిపిస్తే తీసేసి, అంతా కొత్తగా మొదలుపెట్టాలి. ఇన్ని చెప్పి కూడా అరిచేవారు కాదు. నేను మరిచిపోతే గొంతు సవరించుకునేవారు, అంతే.

నేను చేరిన మొదటి ఎండాకాలంలో, పాలిష్ ఫ్యాక్టరీలో బండలు మోసే ఒకామె తన కుక్కను తెచ్చింది. నల్ల కుక్క. కర్రోడు అని పిలిచేది. వీధి కుక్కలు కరిచి భుజం మీద చీము పట్టింది. డాక్టరు చూసి, పెన్సిలిన్ రాసి, పక్క ఊరికి పోయారు. సూది నేనే వేశాను. అన్నీ సారు చెప్పినట్టే చేశాను.

"షిఫ్టుకు టైమయితాండాది సారూ, పోతా" అని ఆమె కుక్కను లేపింది.

"యాడికి పోతావమ్మా? అర్ధగంట ఈడనే కూర్చో. మందు లోపలికి పోయింది. అదేం చెప్తాదో ఇనిపో."

ఆమె ముఖం చూసి నాకు జాలేసింది. "పంపించండి సారూ, పాపం" అన్నాను. ఆయన వినలేదు.

పది నిమిషాలు కాలేదు. కర్రోడు కక్కాడు. మూతి, కళ్ళ చుట్టూ వాచిపోయాయి. చిగుళ్ళు పాలిపోయి కాళ్ళు మడిచి కూలబడ్డాడు. ఆమె "ఏమైంది రా నాయనా" అని కింద కూర్చుండిపోయింది. నేను కదలలేకపోయాను. సారు అప్పటికే ట్రేలోంచి అడ్రినలిన్ తీశారు. ఫోన్ నా చెవికి పెట్టి, "డాక్టరుకు చెప్పు. బరువు పద్దెనిమిది కేజీలని చెప్పు. ఎంతియ్యల్లనో అడిగి నాకు గట్టిగా చెప్పు" అన్నారు. డాక్టరు చెప్పిన మోతాదు నేను పైకి చెప్పాను. ఆయన దాన్ని మళ్ళీ ఒకసారి నాతో అనిపించి, అప్పుడు సూది వేశారు. తర్వాత ఆ కుక్క పక్కనే నేల మీద కూర్చుని, చిగుళ్ళు నొక్కి రంగు చూస్తూ, ఊపిరి లెక్కపెడుతూ ఉండిపోయారు. డాక్టరు వచ్చేసరికి చిగుళ్ళకు రంగు వచ్చింది. మధ్యాహ్నానికి కర్రోడు తల ఎత్తాడు.

దాని కార్డు మీద ఎర్ర ఇంకుతో "పెన్సిలిన్ పడదు" అని రాసి, ఆమెతో ఆ మాట మూడుసార్లు చెప్పించారు. "ఏ ఊరికి పోయినా, ఎవరు సూది పట్టుకున్నా, ముందు ఈ మాట చెప్పల్ల."

ఆమె వెళ్ళాక నేను ఉద్యోగం మానేస్తానన్నాను. సారు చేతులు కడుక్కుంటూ చెప్పారు. ఉద్యోగం కొత్తలో ఆయన పాలలాంటి తెల్ల మందును, పిస్టన్ వెనక్కి లాగి చూడకుండా, ఒక టీచరు కుక్కకు వేశారట. అది రక్తనాళంలోకి పోయింది. కుక్క బల్ల మీదే కొట్టుకుని చచ్చిపోయింది.

"ఆయప్ప దగ్గరికి పోయి, నా చెయ్యి తప్పు చేసిందయ్యా అని చెప్పినా. తిట్టలేదు. తిట్టింటే బాగుండు" అన్నారు. చేతులు తుడుచుకుని, "నాది తప్పు. నీది తప్పు గాదు. మందు దాని ఒంటికి పడలేదు, అంతే. రెండిట్నీ ఒకటి చేసుకోవద్దు."

మరుసటి రోజు ఆమె కర్రోణ్ణి తెస్తే డాక్టరు వేరే మందు రాశారు. సారు సిరంజి నా చేతికే ఇచ్చారు. "నిన్న నీ చెయ్యి భయపడింది. ఆ భయాన్ని ఈ పొద్దే ఎళ్ళగొట్టల్ల. లేకుంటే ఆడనే ఇల్లు కట్టుకుంటాది." వేశాను. అర్ధగంట కుక్కను చూస్తూ నేను, నన్ను చూస్తూ ఆయన. ఏమీ కాలేదు. నాలుగో రోజు కర్రోడు గెంతుతున్నాడని ఆమె రాలేదు. సారు స్కూటర్ మీద నన్ను ఎక్కించుకుని వాళ్ళ వీధికి పోయి, డాక్టరు రాసిన దినాలన్నీ పూర్తి చేయించారు.

ఇప్పుడు నా దగ్గరికి పక్క మండలాల నుంచి కూడా పిల్లుల్ని తెస్తారు. నేను భయపడను. జాగ్రత్తపడతాను. ఆ రెండింటికీ తేడా నాకు ఆయన దగ్గరే తెలిసింది.

శనివారం చర్చి వెనక ఆయన్ని మట్టిలో పెట్టాము. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు చాలామంది పని మానుకుని వచ్చారు. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నాకు పోయిన నెల ఒక పొద్దు గుర్తొచ్చింది. ఆసుపత్రి మెట్ల మీద సారు ఎండకు కూర్చున్నారు. ఎవరిదో తెలియని ఒక పిల్లి వచ్చి ఆయన ఒళ్ళో ముడుచుకుని నిద్రపోయింది. బండల లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. తెల్లటి దుమ్ము ఆయన వెంట్రుకల మీద, ఇస్త్రీ చొక్కా మీద, పిల్లి వీపు మీద సన్నగా రాలుతోంది. దులుపుకుంటే పిల్లి లేస్తుందని, ఆయన చెయ్యి కూడా కదపకుండా అలాగే కూర్చున్నారు.