గ్రానైటు బండ మీద పది బటన్లు

మేడ్చల్‌లో మా ఫ్యాక్టరీ, బోరుబండి బిట్టుకు ముందర ఉండి రాయిని పగలగొట్టే కార్బైడ్ బటన్లు తయారు చేస్తుంది. కార్బైడ్ పొడిని అచ్చులో నొక్కి ఇస్తారు. దాన్ని ఫర్నేసులో కాల్చి గట్టి లోహం చేయడం నా పని. ఒక్క విడతకు వేడి ఎక్కి దిగేసరికి దాదాపు రోజంతా పడుతుంది. ఇరవై ఏళ్లుగా నేను దాని ముందే ఉన్నాను. మా ఆవిడ దాన్ని సవతి అనేది. నేను కాదనలేదు.

పోయినేడు మా ఓనరు మైక్రోవేవ్ ఫర్నేసు తెచ్చాడు. శామీర్‌పేట భూములవాళ్ల అబ్బాయి, నాకంటే చిన్నవాడు, నన్ను కాకా అంటాడు. ఇంట్లో మైక్రోవేవ్‌లో స్టీలు గిన్నె పెట్టిందని మా ఆవిడ మీద ఇల్లెగిరిపోయేలా అరిచినవాణ్ని నేను. అదే సంగతి అతనికీ చెప్పాను.

"గిన్నె వేరు, పొడి వేరు కాకా. పొడి అయితే వేడిని లోపలికి గుంజుకుంటది. ఒక్క గంటల అయిపోతది."

"గంటల అన్నం గూడ ఉడకది సార్" అన్నాను. మా ఇంట్లో అన్నం పావుగంటలో ఉడుకుతుంది. కోపంలో అవన్నీ గుర్తుండవు.

అతను దాచలేదు. కొత్తదాని బటన్లు నెగ్గితే పాత ఫర్నేసు బంద్. నాకు ఇంకో పని రాదు.

నెగ్గాయో లేదో చెప్పాల్సింది కూడా నేనే. ల్యాబు కాగితాలు ఎన్నొచ్చినా మా దగ్గర చివరి మాట నా చెవిది. బటన్‌ను గ్రానైటు బండ మీద జారవిడిస్తే, లోపల బోలుగా ఉన్నది టప్పుమంటుంది, బాగా కాలింది ఖంగుమంటుంది. ఓనరు రెండు ఫర్నేసులవీ అయిదేసి కలిపి పళ్లెంలో తెచ్చాడు. అడుగున నంబర్లున్నాయి. ఏ నంబరు దేనిదో అతని జేబులోని కాగితానికే తెలుసు.

పదీ విడిచాను. నా బటన్లను నా చెవి పోల్చుకోదా అన్న ధీమా. తేడా తక్కువే, కానీ ఉంది. బాగా మోగిన అయిదింటిని పక్కకు జరిపి, "గివే మనయి సార్" అన్నాను. గొంతులో గర్వం కూడా ఉంది, దాచను.

అతను కాగితం తీసి నంబర్లు చూశాడు. మళ్లీ చూశాడు. నా ముఖం చూడకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకోసారి జూడు కాకా" అన్నాడు.

అప్పుడు అర్థమైంది, అవి మైక్రోవేవ్‌వి అని. నన్ను కాపాడదామనే ఆ మాట అన్నాడు. మిగతా అయిదింటిని జరిపితే చాలు, నా ఫర్నేసు నాకుంటుంది. మళ్లీ పదీ విడిచాను. అవే మోగాయి. అవే అయిదింటిని పక్కకు జరిపి, "గివే సార్, మస్తుగున్నయ్" అన్నాను.