దేవేంద్రప్ప వంతు

మా కోడుమూరు మగ్గాల వీధిలో దేవేంద్రప్ప అంటే అందరికీ గురి. కులపంచాయితీకి ఆయనే పెద్ద. ఎంత గొడవ జరిగినా గోడకానుకుని వింటూ కూర్చునేవాడు. అందరూ గొంతు పోయేదాకా అరిచాక చివర్లో నోరు విప్పేవాడు. ఆ తర్వాత ఇంకెవరూ మాట్లాడకూడదు. అదీ మా పద్ధతి. దాన్ని చూసి మురిసిపోయినవాళ్ళలో నేనూ ఒకణ్ణి, ఆయన మేనల్లుణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

యాభైనాలుగులో ఆయనకు సెషన్సు కోర్టు నుంచి తాఖీదు వచ్చింది. అప్పట్లో హత్యకేసుల్లో జడ్జీ పక్కన ఊళ్ళ పెద్దమనుషులు నలుగురిని కూర్చోబెట్టి, చివర్లో వాళ్ళ అభిప్రాయం అడిగేవారు. వాళ్ళను అసెసర్లు అనేవారు. మామ ఎవరిదో కోటు అడిగి వేసుకున్నాడు. కోటు చేతులు పొట్టయినా దర్జాగానే నడిచాడు. తోడుగా నేను వెళ్ళాను.

ముద్దాయి మద్దిలేటి, బండి తోలుకుని బతికేవాడు. వాగు దగ్గర ఎద్దుల బేరగాణ్ణి చంపాడని కేసు. కింది మేజిస్ట్రేటు విచారించి ఈ కోర్టుకు పంపేసరికే ఐదు నెలలుగా జైల్లో ఉన్నాడు. అభియోగం చదివి వినిపించి, నేరం ఒప్పుకుంటావా అని అడిగారు.

"లేదు సామీ. ఆ పొద్దు నేను ఆ తట్టుకే పోలేదు" అన్నాడు.

కళ్ళారా చూసిన సాక్షి లేడు. ఉన్నదల్లా చచ్చిపోయినవాడి పిడికిట్లో దొరికిన గుడ్డముక్క. మద్దిలేటి ఇంట్లో దొరికిన చినిగిన తువ్వాలులోంచే అది ఊడిందని ఇన్‌స్పెక్టరు బోనెక్కి చెప్పాడు. రెండూ అసెసర్ల చేతికిచ్చారు. ముగ్గురు అలా చూసి ఇలా పక్కకు అందించారు. మామ మాత్రం అంచు మీద బొటనవేలు రాస్తూ చాలాసేపు అట్టే పెట్టుకున్నాడు.

ఆ మొదటిరోజు మధ్యాహ్నం కోర్టు లేచాక, గోడ నీడలో సద్దిమూట విప్పుతూ నెమ్మదిగా అన్నాడు. "ఆ ముక్క ఆ తువ్వాలుది కాదు అల్లుడా. ముక్క అంచుకు జంటపోగు ఉండాది. తువ్వాలుకు ఒంటిపోగు. రెండూ రెండు మగ్గాలవి."

"మరి చెప్పకపోతివే మామా?"

"సాక్షులు ఇంకా మాట్లాడ్తాండారు కదప్పా. నడాన దూరితే ఏం మర్యాద? మన వంతు కడాకు వస్తాది. అప్పుడు చెప్తా."

సాక్షుల్ని ఏమైనా అడగాలనుకుంటే తన ద్వారా అడగమని జడ్జీగారు పొద్దున్నే చెప్పారు. అదేదో మర్యాదకు అన్న మాట అనుకున్నాం. నేనూ సరేనన్నాను. నా నోట్లో మన్ను పడ!

మూడోరోజుకు సాక్ష్యాలు, వకీళ్ళ వాదనలు అన్నీ అయిపోయాయి. జడ్జీ అసెసర్లను వరసగా అడిగారు. ముగ్గురూ దోషే అన్నారు. మామ లేచి, పంచాయితీలో లాగే గొంతు సవరించుకున్నాడు.

"ఈ మనిషి చంపలేదు సామీ. యాలంటే, ఆ గుడ్డ..."

"మీ అభిప్రాయం రాసుకున్నాను" అన్నారు జడ్జీ. కసురుకోలేదు. "గుడ్డ సంగతి ఇన్‌స్పెక్టరు బోనులో ఉన్నప్పుడు అడగవలసింది. సాక్ష్యం ముగిసింది. కూర్చోండి."

బంట్రోతు వచ్చి భుజం పట్టి కూర్చోబెట్టేదాకా మామ అలాగే నిలబడి ఉన్నాడు.

అసెసర్ల మాటకు జడ్జీ కట్టుబడనక్కర్లేదని అప్పుడే తెలిసింది మాకు. మద్దిలేటికి ఉరిశిక్ష వేశారు. దాన్ని ఖాయం చేయడానికి కాగితాలు పైకోర్టుకు పోయాయి. నేను పరుగున పోయి ముద్దాయి వకీలుకు పోగుల సంగతి చెప్పాను. ఆయన తలపట్టుకున్నాడు. అప్పీలులో రాశాడు కూడా. విచారణలో ఎవరూ ఎత్తని మాట ఇప్పుడు చెల్లదన్నారు పైకోర్టువాళ్ళు. వేసవి రాకముందే ఉరి తీశారు.

మామ పంచాయితీకి పోవడం మానేశాడు. ఎవరైనా పిలవడానికి వస్తే మగ్గం గుంటలోంచి తలెత్తేవాడు కాదు. నాతో కూడా ఆ ఊసెత్తలేదు.

ఒకరోజు చంకలో పసివాడితో ఒకామె ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మద్దిలేటి పెళ్ళాం గురమ్మ. ఎండలో పొద్దున్నుంచీ నడిచినట్టుంది, పాదాలు దుమ్ముకొట్టుకుపోయాయి.

"నాయనా, అంతమందిలో నువ్వొక్కనివే నా మొగుడు చంపలేదని చెప్పినావంట. నీ కాళ్ళకు మొక్కి పోదామని వస్తి" అంటూ వంగి మొక్కింది. పిల్లవాణ్ణి తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. "వాళ్ళ నాయన జైల్లో ఉన్నెప్పుడు పుట్టినాడు. వీనికి నీ పేరే పెట్టుకున్నా."

మామ పెదవులు కదిలాయి. మొదటిరోజే నాకు తెలుసు తల్లీ అని చెప్పేస్తాడనుకున్నాను. చెప్పలేకపోయాడు. నేనూ చెప్పలేదు.

"వద్దు తల్లీ" అన్నాడు చివరికి. "ఆ పేరు తీసెయ్. ఏ దేవుని పేరన్నా పెట్టుకో."

గురమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని నావైపు చూసింది. "శానా మంచోళ్ళు ఇట్లే అంటారులేప్పా" అంది. పిల్లవాణ్ణి చంకకెత్తుకుని, "దేవేంద్రా, తాతకు మొక్కు నాయనా" అని వాడి చేతులు రెండూ కలిపింది.