సాంబ్రాణి చేతి బోణీ

ఆ రోజుల్లో చాలా వస్తువుల మీద ధర రాసి ఉండేది కాదు. ధర తెలియాలంటే మనం నోరు తెరవాలి, మనం తెరిస్తే అవతలివాళ్లూ తెరవాలి; అలా పావలా వస్తువుకి పావుగంట సేపు మనిషి తోడు దొరికేది. ఇది ఇప్పుడు చెబుతున్న మాట. అప్పట్లో మాత్రం పైసలు మిగుల్చుకోవడానికే బేరమాడుతున్నానని గట్టిగా నమ్మేవాణ్ణి. కొట్టు వెనక ఇంట్లో పుట్టి, బియ్యం బస్తాల మీద నిద్రపోయి పెరిగినవాణ్ణి మరి. వస్తువుని చేతిలోకి తీసుకుని, అది మనకేదో అపకారం చేసినట్టు చూసి, ఆ తర్వాతే ధర అడగాలని మా నాన్న నాకు అక్షరాల కంటే ముందు నేర్పాడు.

ఎనభైల్లో, మీసం ఇంకా సరిగా కుదురుకోని వయసులో, గుంటూరు అగరొత్తుల వ్యాపారి ఒకాయన నన్ను తెచ్చి ఒంగోలులో పడేశాడు. బస్టాండు ఎదురుగా లాడ్జిలో గది, భుజాన అగరొత్తులూ సాంబ్రాణీ నింపిన సంచి. రోజూ చీరాలకో సింగరాయకొండకో బస్సెక్కి, కొట్టు కొట్టుకీ తిరిగి ఆర్డర్లు తేవాలి. సాంబ్రాణి వాసన నా చొక్కాకీ సంచికీ ఎంతగా పట్టేసిందంటే, బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్లు దేవుడి గదిలో ఉన్నట్టు మాటలు మానేసేవారు. (ఒక పెద్దాయన చెప్పులు కూడా విడిచాడు. కాళ్లు వాచి విడిచాడేమో, నేను అడగలేదు.) కొట్లవాళ్ల మాటలు ఉంది, వద్దు, వచ్చేవారం చూద్దాం దగ్గర ఆగిపోయేవి. సాయంత్రం గదికొస్తే తాళం కిర్రుమనడమే నాకు పలకరింపు.

బస్టాండు గేటు పక్కన చలికాలమంతా జామకాయలమ్మే ముసలామె, మెడలో సిలువ గొలుసుతో, ఉండేది. జామకాయల మామ్మ అనేవారు. పొద్దున తొలి బేరాన్ని, అంటే బోణీని, అమ్మేవాళ్లెవరూ వదులుకోరని కొట్లో పుట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. తొలి గిరాకీ ఉత్త చేతుల్తో పోతే రోజంతా చెడుతుందని వాళ్ల భయం. ఆ భయం మీద గురిపెట్టి, తొలి బస్సుకి ముందే వెళ్లి బుట్ట దగ్గర కూర్చున్నాను. రూపాయికి నాలుగంటే ఎనిమిదిమ్మన్నాను. నాకు పిల్లనిచ్చేవాడు ముందు తనని కలవాలని మామ్మ తిట్టింది. చివరికి ఆరుకి తెగింది. రూపాయి కళ్లకద్దుకుని, ఒక కాయ కోసి ఉప్పూకారం అద్ది ఇచ్చింది. బస్సు కిటికీ దగ్గర కూర్చుని దాన్ని చీరాల దాకా తిన్నాను. కొరికినప్పుడల్లా ఆ తిట్టు గుర్తొచ్చి నవ్వొచ్చేది.

మర్నాడు మామ్మ నాకోసం ఎదురుచూస్తోంది. "నీ చెయ్యి మంచిది నాయనా. నిన్న పదింటికల్లా బుట్ట బోర్లించా."

బోణీలూ గీణీలూ నమ్మొద్దని మీ పాస్టరుగారు చెప్పలేదా అని అడిగాను. "చెప్పారు. ఆయన జామకాయలు అమ్మరుగా" అంది.

అప్పట్నించి నేను వచ్చేదాకా ఎవరొచ్చినా, మా అబ్బాయి రావాలి, ఆగండి అనేది. ఈ కబురు పాకి చీపుళ్లాయన నా చేతి బోణీ కావాలన్నాడు, చామంతిపూలామె కూడా అడిగింది. కాదంటే రేపు పలకరించరేమోనని ఇద్దరి దగ్గరా కొన్నాను. ఆ లాడ్జిలో నా గదంత శుభ్రమైన గది లేదు. చీపుళ్లు మూలకి ఆనించి, పూలు కూజాకి చుట్టి కూర్చునేవాణ్ణి. వచ్చి చూసేవాళ్లే లేరు.

అంతలో వాయుగుండం పట్టింది. పొద్దున నేను బోణీ చేసి, సంచి కోసం గది చేరానో లేదో, ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. బస్సులు నిలిచిపోయాయి. కిటికీలోంచి చూస్తే మామ్మ గోనెపట్టా కప్పుకుని నిండు బుట్ట ముందు కూర్చునే ఉంది. మధ్యాహ్నమైంది, బుట్ట తరగలేదు. నేను కిటికీ వదల్లేదు. ఆవిడ కష్టానికి బాధపడ్డానని రాసుకుంటే బావుంటుంది గానీ, అసలు భయం వేరే. నా చెయ్యి మంచిది కాదని తేలిపోతే, ఒంగోలులో నాకోసం ఎదురుచూసే ఒక్క మనిషీ ఉండదు.

లాడ్జి వాచ్‌మన్ బాబాయిని సాయంత్రం పిలిచి, నా సంచి ఖాళీ చేసి డబ్బులతో సహా ఇచ్చి, బుట్టంతా కొనుక్కురమ్మన్నాను. ఆవిడ ఎంతంటే అంతే ఇవ్వాలి, నా పేరు రాకూడదు.

"ఇంత వాన్లో ఇన్ని జామకాయలేందయ్యా, జొరమొస్తది" అన్నాడాయన జాలిగా. మా నాన్న వింటే నాకు జ్వరం ముందే వచ్చిందనుకునేవాడు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. ఏమీ తెలియనట్టు వెళ్లి, నిన్నెలా సాగిందని అడిగాను. మామ్మ కాయలు తుడుస్తూ తలెత్తలేదు.

"నీ చెయ్యి మంచిదే. సందేళ ఒకాయనొచ్చి బుట్టంతా తీసుకుపోయాడు. అడిగినంతా ఇచ్చాడు. బేరమాడకుండా కొనేవాడు మన ఊళ్లో ఎవడా అనుకున్నా." కాయ కోసి ఉప్పూకారం అద్దింది. "సంచి మాత్రం సాంబ్రాణి వాసనేసింది."

నేను బస్సు వచ్చిందేమోనని వెనక్కి చూశాను. రాలేదు. కాయ నా చేతిలో పెట్టి, డబ్బులివ్వబోతే నా చెయ్యి వెనక్కి నెట్టింది.

"ఇది బోణీ కాదు. తిను. ఇంక రేపట్నించి మామూలుగా బేరమాడు, బేరం లేకుంటే నాకు తోచట్లా."

ఇప్పటికీ ఏ ఊరెళ్లినా తెల్లారగానే బస్టాండుకి వెళ్లి, ఎవరి బుట్ట ఇంకా నిండుగా ఉందో వెతుక్కుంటాను. ఈ వయసులో రెండ్రూపాయలకి దెబ్బలాట ఏమిటని ఇంట్లో విసుక్కుంటారు. ఇప్పుడు డబ్బులు ఫోన్లోనే పోతాయి, కళ్లకద్దుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే జేబునిండా చిల్లర వేసుకుని వెళతాను. ఇచ్చాక, వాళ్లు కళ్లకద్దుకునేదాకా కదలను.