దుంపకుళ్ళు భానుమూర్తి

పసుపు పంట కుళ్ళిపోయిందని చెబితే సంతోషించే మనిషి ఈ భూమ్మీద ఒక్కరే ఉన్నారనీ, ఆయన తన ఇంటి పై పోర్షన్‌లోనే కిరాయికి ఉంటున్నారనీ ఎల్.బి.నగర్ స్వరూపరాణికి కాస్త ఆలస్యంగా తెలిసింది. అప్పటికే ఆయన బీరువాలు మెట్లెక్కేశాయి.

ఆయన భానుమూర్తి. దుగ్గిరాల వైపు మనిషి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ముప్పయ్యేళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. కుశలప్రశ్నలంటే ఆయనకు తెలిసినవి రెండే.

"మీ ఊళ్ళో పసుపు వేస్తారా?" అని పాల దశరథను అడిగారు.

"ఏస్తరు సార్."

"కుళ్ళిందా?"

"లే సార్, మస్తుగున్నది."

"అయ్యో పాపం!" అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. దశరథ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

మీర్‌పేట్‌లో ఒక పెళ్ళికి స్వరూపరాణి తీసుకెళితే, పసుపు దంచుతున్న ముత్తయిదువుల మధ్య భూతద్దంతో కూర్చుని, రోట్లోంచి కొమ్ములు ఒక్కొక్కటే తీసి పరీక్షించారు. పెళ్ళికూతురి గోత్రం అడగలేదు గానీ, కొమ్ముల వంగడం మాత్రం మూడుసార్లు అడిగారు.

ఇంతవరకూ స్వరూపరాణి నవ్వి ఊరుకుంది. కానీ జగిత్యాల దగ్గర ఆమె తమ్ముడు సాయిలు పొలంలో వరసగా రెండో ఏడూ దుంపకుళ్ళు తగిలింది. ఆమె మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే మాస్టారు పైనుంచి దిగారు.

"ఎంత పోయిందమ్మా?"

"మొత్తం పోయింది సారూ."

"మొత్తమే!" ఆయన కళ్ళు దీపాల్లా వెలిగాయి. "ఒక బస్తా కుళ్ళు ఇప్పించగలరా?"

'గీ మనిషికి దిల్ లేదు' అని ఆమె ఆరోజే తేల్చేసింది. ఈ ఏడు సాయిలు పసుపు పెట్టనే లేదు. ఇటుకబట్టీ ఆయన మట్టి కోసం ఆ పొలం అడుగుతున్నాడు. దసరా దాటగానే జవాబు చెప్పాలి.

మాస్టారు మాత్రం డాబా మీద నలభై సంచుల్లో నలభై ఊళ్ళ పసుపు నాటారు. మొక్కలు ఏపుగా లేవగానే వాటి మొదళ్ళలో నీళ్ళు నిలవగట్టి, కుళ్ళిన దుంపల రసాన్ని తీర్థం పోసినంత భక్తిగా పోశారు. బతుకమ్మ పండుగ నాటికి ముప్పైతొమ్మిది సంచులు వాలిపోయాయి. ఒక్కటి పచ్చగా నిలబడింది.

"చావట్లేదు!" అని డాబా మీద గంతులేశారు. "స్వరూపగారూ, నెలరోజులుగా చంపుతున్నాను, చావట్లేదు!"

సద్దుల బతుకమ్మ రోజు మాస్టారు మూసారాంబాగ్‌లో పనుండి వెళ్ళారు. గౌరమ్మగా పచ్చి పసుపు దుంప పెడదామని స్వరూపరాణి డాబా ఎక్కింది. అమ్మవారికి కుళ్ళింది పెడతామా? ఉన్నదాంట్లో మంచి మొక్కను పెరికి, కడిగి, బతుకమ్మ నెత్తిన దుంపను నిలబెట్టి, సరూర్‌నగర్ చెరువుకు బయల్దేరింది.

సాయంత్రం ఖాళీ సంచి చూసిన మాస్టారు, కాలికొక రకం చెప్పుతో చెరువుగట్టుకు పరుగెత్తుకొచ్చారు.

"అది ఇచ్చేయండమ్మా!"

"ఆట అయ్యేదాక అమ్మవారిని కదిలియ్యొద్దు," అంది పక్కింటి కృష్ణకుమారి. "జరగుండ్రి సారూ, అడ్డమొస్తున్రు."

ఆయన జరగలేదు. వరసలో దూరి, దుంప మీంచి చూపు తిప్పకుండా, ఆడవాళ్ళతో పాటు తిరగడం మొదలుపెట్టారు. గంటసేపు కొట్టిన చప్పట్లలో ఒక్కటీ తాళానికి పడలేదు.

ఆట ముగిసింది. బతుకమ్మను నీళ్ళలో వదిలేముందు గౌరమ్మను తీసి, పుస్తెలకు రాసుకోవడానికి తలా ఒక ముక్క విరిచి పంచుకున్నారు.

"రాయకండి!" మాస్టారి కేకకు గట్టంతా దద్దరిల్లింది. "అది సాయిలు విత్తనం!"

చేతులన్నీ ఆగిపోయాయి.

"సాయిలెవరు?" అంది కృష్ణకుమారి.

"ఈవిడ తమ్ముడు. నలభై సంచుల్లోనూ అతని పొలం మన్నే పోశాను. అతని పొలం కుళ్ళే పట్టించాను. అందులో బతికే రకం దొరికితేనే కదా అతనికి పనికొచ్చేది!"

స్వరూపరాణి నోరు తెరిచింది. "మా తమ్ముని మన్ను మీకెట్లొచ్చింది సారూ?"

"మోసుకొచ్చాను. ఆరుసార్లు, బస్సులో. ఆ కండక్టరిప్పుడు నాకు ఆప్తమిత్రుడు. మీకు చెప్పొద్దని సాయిలు దగ్గర ఒట్టు వేయించుకున్నాను."

"నాకెందుకు చెప్పలే?"

"చెబితే ఆశపడేవారు," అన్నారాయన చెప్పులకేసి చూసుకుంటూ. "ముప్పైతొమ్మిది పోయాయి. నలభయ్యోదీ పోతే, ఆ మాట ఏ మొహంతో చెప్పను?"

కృష్ణకుమారి ముందుగా పిడికిలి విప్పింది. తర్వాత అందరూ విప్పారు. మాస్టారు రుమాలు పరిచి, భూతద్దంతో ముక్కముక్కా చూశారు. పదిహేడింటికి మొలకెత్తే కన్ను ఉంది.

"భేష్! కన్నుకొక మొక్క. నేనైతే ఇంత చక్కగా విరవలేకపోయేవాణ్ణి," అన్నారు, ఇదంతా తన పథకమేనన్నంత గంభీరంగా.

స్వరూపరాణి అక్కడే తమ్ముడికి ఫోన్ కలిపింది. "దొరికిందిరా సాయిలూ!"

"అవునా అక్కా! ఎన్ని బస్తాలు?"

"పిడికెడు."

"పిడికెడా? మరి బట్టీ ఆయనకు ఏం జెప్పాలె?"

భానుమూర్తి ఫోన్ లాక్కున్నారు. "ఇంకో పొలం చూసుకోమను. సంచిలో బతికింది నీ పొలంలోనూ బతకాలి, పెరగాలి; మూడేళ్ళు పడుతుంది. అందాకా తొందరపడి పసుపు బస్తాలకు లారీలు మాట్లాడకు నాయనా!"