మధ్యాహ్నం రెండు గంటల తియ్యటి వాసన

కరోనా తగ్గి ఫ్యాక్టరీలన్నీ మళ్లీ పూర్తిగా నడవడం మొదలైన ఏడాది అది. వేసవి. తిరువళ్లూరు నుంచి తిరుత్తణి వచ్చే దారిలో, ఇత్తడి కుళాయిల భాగాలకు మెరుపు పూత వేసే ఓ మోస్తరు ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ ఆఫీసర్‌ని. మాది కే.జీ.కండిగై. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు. మధ్యాహ్నమయ్యేసరికి షెడ్డు వెనక కొండ ఎండలో కరిగి, నీళ్లలో నీడలా అల్లల్లాడేది. యంత్రాల రొద కూడా ఆ వేడికి మెత్తబడి దూరంగా వినిపించేది.

పూత వేసే ముందు భాగాలకు అంటిన మెషిన్ నూనె పోవాలి. ఆ పనిని డీగ్రీజింగ్ అంటారు. దానికి మేము ట్రైక్లోరోఇథిలీన్ వాడేవాళ్లం. షెడ్డులో అందరికీ అది ట్రైక్లో. స్టీలు తొట్టి అడుగున దాన్ని మరగబెడితే ఆవిరి లేస్తుంది. భాగాలను గంపలో పెట్టి ఆ ఆవిరిలోకి దించితే నూనె కరిగి జారిపోతుంది. తొట్టి పై అంచు చుట్టూ చల్లటి నీళ్లు పారే పైపు ఉంటుంది. ఆవిరి అక్కడిదాకా వచ్చి, చల్లబడి, మళ్లీ తొట్టిలోకే రాలాలి.

ఇలాంటి రసాయనం వాడే యజమాని మీద చట్టం కొన్ని బాధ్యతలు పెట్టింది. ఆవిరి మనిషి ముక్కుదాకా రాకుండా కట్టడి చేయాలి. గాలిలో ఎంత ఉందో కొలవాలి. పనివాళ్లకు వైద్య పరీక్షలు చేయించాలి. అది మనిషిని ఏం చేయగలదో వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఇవన్నీ జరిగేలా చూసి రిజిస్టర్‌లో రాయడం నా ఉద్యోగం. నెలకోసారి, పొద్దున పది గంటలకు మీటర్ పట్టుకుని వెళ్లేదాన్ని. అంకె ఎప్పుడూ హద్దులోనే ఉండేది.

తొట్టి దగ్గర పని మునెమ్మది. యాభై దాటిన మనిషి. పళ్ళిపట్టు నుంచి బస్సులో వచ్చేది. "ఏమైనా ఇబ్బంది ఉందా అక్కా?" అని నెలనెలా అడిగేదాన్ని. "ఒక కష్టమూ లేదు మేడమ్. బాగుండాది" అనేది. ఒకసారి సూపర్‌వైజర్ ఆమెను వేరే పనికి మారుస్తానంటే కన్నీళ్లు పెట్టుకుని ఒప్పుకోలేదు. పనిమీద ప్రేమ అనుకున్నాను.

ఒక రోజు పొద్దునంతా వైద్య పరీక్షల క్యాంపులో గడిచిపోయింది. తొట్టి దగ్గరికి వెళ్లేసరికి రెండయింది. షెడ్డులోకి అడుగు పెట్టగానే తియ్యటి వాసన, ఎప్పుడో మగ్గిన పండు వాసన లాంటిది. మునెమ్మ తొట్టి అంచు మీదికి వంగి ఉంది. గంప చేతిలోంచి జారి కొక్కేనికి వేలాడుతోంది. కళ్లు సగం మూసుకుని, నవ్వుతూ, ఎవరితోనో నెమ్మదిగా అంటోంది: "ఉండు, వస్తాండా. ఇంగొక్క జడపాయ."

నాకూ ఒక్క క్షణం కాళ్ల కింద నేల దూదిలా తోచింది. ఎందుకో భయం వేయలేదు. ఇప్పుడు తలచుకుంటే అదే భయం. ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగాను. హీటర్ స్విచ్ ఆపి, అందర్నీ బయటికి రమ్మని అరుస్తూ ఆమెను సైకిళ్ల షెడ్డు నీడలోకి తెచ్చి కూర్చోబెట్టాను.

కాసేపటికి కళ్లు తెరిచింది. తెరుస్తూనే కోపం.

"ఎందుకు లేపితివి మేడమ్? అమ్మ తల దువ్వతా ఉన్నింది."

"ఏ అమ్మ అక్కా?"

"మా అమ్మే. నాకు తొమ్మిదేండ్లప్పుడు పోయినాది. ఫోటో లేదు, మొగము గ్యాపకం రాదు. ఈ తొట్టికాడ నిలబడితే మాత్రం వస్తాది. దినమూ కాదు, బాగా ఎండ కాసిన దినం, మద్దేన్నం మీద. ఎనక నిలబడుకోని దువ్వతాది. ఉయ్యాల్లో కూసున్నట్ట ఉంటాది."

"పొద్దున రాదా?"

"పొద్దున యాడ వస్తాది?"

నేను ఆవిరిని వడగట్టే మాస్కు పెట్టుకుని లోపలికి వెళ్లి, తొట్టి అంచునున్న నీళ్ల పైపు మీద చెయ్యి వేశాను. కాలింది. ఆ నీళ్లు మిద్దె మీది ట్యాంకువి. పొద్దున చల్లగానే ఉంటాయి. మధ్యాహ్నానికి ట్యాంకు కాగి వేడినీళ్లే పైపులో తిరుగుతాయి. ఇక ఆవిరిని ఆపేదెవరు? నేను పది గంటలకు వెళ్లి, నిజమైన అంకె చూసి, నిజమే రాశాను. రెండు గంటల నిజం మునెమ్మ ఒక్కదానికే తెలుసు.

ముదలాళి, అంటే మా యజమాని, రిజిస్టర్ తెరిచి చూశారు. "నీ చేత్తోనే అంతా సరి అని రాసినావే అమ్మా?"

"పొద్దునపూట సంగతి రాసినాను సార్. మద్దేన్నం చూడలేదు. తప్పు నాదే. కానీ ఆ తొట్టి హీటర్ మళ్లీ వేస్తే ఈసారి ఆమె లోపల పడిపోతుంది."

ఆయన రిజిస్టర్ మూశారు. తర్వాత లేచి తానే వెళ్లి తొట్టికి తాళం వేశారు. మరునాడు మధ్యాహ్నం, పరీక్ష కోసం మాత్రమే, తాళం తీసి, మాస్కులు పెట్టుకుని తొట్టి హీటర్ వేసి కొలిచాం. అంకె హద్దు దాటింది. నీళ్లను చల్లబరిచే యంత్రం బిగించి, పైపు వేడెక్కితే హీటర్ దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు చేసేదాకా ఆ తాళం మళ్లీ తీయలేదు. తిరుత్తణి ఆసుపత్రిలో మునెమ్మ కాలేయం కాస్త దెబ్బతిన్నట్టు తేలింది. సమయానికి చూశారు కాబట్టి కుదురుకుంటుందన్నారు.

ఇక మిగిలింది చెప్పడం. ప్రతి రసాయనానికీ దాని గుణాలూ ప్రమాదాలూ రాసిన పత్రం ఒకటి ఉంటుంది, సేఫ్టీ డేటా షీట్ అంటారు. మాది ఇంగ్లీషులో ఉండేది, గోడ మీద తమిళంలో సారాంశం. ఆంధ్రాలో నగరి వైపు బడిలో మూడో తరగతి చదివిన మునెమ్మకు వచ్చింది తెలుగు అక్షరాలే. ఆమె ఎదుట కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెప్పాను. తల తేలిపోవడం. మత్తు. లేనిది ఉన్నట్టు తోచడం. ఆపైన స్పృహ తప్పడం, ప్రాణం పోవడం.

మునెమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది.

"అయితే ఆ వచ్చింది మా అమ్మ కాదా?"

"నాకు తెలీదక్కా. ఆ ఆవిరి మాత్రం నిన్ను చంపుతుంది. అది తెలుసు."

"చంపేదానికైతే అమ్మ రాదులే," అని, పెన్ను తీసుకుని, విన్నానని తెలుగులో సంతకం చేసింది.

ఆరోగ్యం కుదురుకున్నాక ప్యాకింగ్‌లో చేరింది. అక్కడ గాలి మంచిది, కిటికీలు పెద్దవి. మొదటి నెలల్లో మధ్యాహ్నాలు ఊరకే కళ్లు మూసుకుని కూర్చునేది. ఏమీ రాలేదని తనే ఒకసారి చెప్పింది, ఫిర్యాదులా కాదు. ఆమె ప్రాణం కాపాడినందుకు సంతోషం ఉంది. ఆమె దగ్గర్నుంచి ఒకటి తీసుకున్నానన్న బరువూ ఉంది. రెండూ ఒకదాన్నొకటి చెరపవు.

చట్టం నాకు కొలవమంది, చెప్పమంది. ఏ వేళకు వెళ్లాలో, ఏం అడగాలో మునెమ్మ నేర్పింది. ప్రమాదం ఎప్పుడూ దగ్గుతోనూ మంటతోనూ రాదు. కొన్నిసార్లు ఎంతో ప్రేమగా వస్తుంది. ఇప్పుడు ఏ షెడ్డుకు వెళ్లినా, పనివాళ్లను ఇబ్బంది ఉందా అని అడిగి ఊరుకోను. పక్కన కూర్చుని ఇంకొకటి కూడా అడుగుతాను: "ఇక్కడ నీకు హాయిగా ఉండేది ఏ వేళప్పుడు?"